ఒకేలా కనిపించే సిక్లిడ్లలో జాతిని, ఆడ మగ తేడాను గుర్తించడం ఎలా?

కర్నూలు, అనంతపురం, కడప పట్టణాల్లోని అక్వేరియం దుకాణాలకు వెళ్లి ఆఫ్రికన్ సిక్లిడ్లు (సిక్లిడ్ అనే కుటుంబానికి చెందిన రంగురంగుల అక్వేరియం చేపలు) కావాలని అడిగితే, చాలాచోట్ల పసుపు, నీలం, నారింజ రంగు పిల్లలన్నింటినీ ఒకే తొట్టెలో కలిపి చూపిస్తారు. బెంగళూరు, హైదరాబాదు, చెన్నైలోని కొళత్తూరు వంటి చోట్ల నుంచి ఆక్సిజన్ నింపిన సంచుల్లో వచ్చే ఈ సరుకుకు ‘మిక్స్ సిక్లిడ్’ అన్న పేరు తప్ప మరో వివరం తోడు రాదు. ‘‘జత కట్టిస్తానన్నా, ఇది మగది, ఇది ఆడది’’ అంటూ దుకాణదారు చూపించేది ఎక్కువసార్లు ఒక పెద్ద చేపనూ, ఒక చిన్న చేపనూ మాత్రమే. ఆ రెండూ కొన్ని నెలల తరువాత ఒకదాన్నొకటి తరుముకునే రెండు మగచేపలుగానో, అసలు వేర్వేరు జాతులుగానో తేలితే అతన్ని తప్పుపట్టి లాభం లేదు, ఎందుకంటే ఆ వయసు పిల్లలను పైపైన చూసి ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. గుర్తించే పద్ధతి కొనేవారికే తెలిసి ఉండాలి.

ఆ పద్ధతిలో మొదటి నియమం, జాతిని తేల్చిన తరువాతే ఆడ మగ సంగతికి రావడం. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. రంగు బాగా ఉంటే మగ, వెలిసినట్టుంటే ఆడ అని ముందే అనుకుని, ఆ తరువాత పేరు వెతుకుతారు. పసుపు రంగు ఒక్కదాన్నే తీసుకోండి. కెన్యీ అనే జాతిలో అది పెద్దయిన మగచేప రంగు, సౌలోసీలో ఆడచేపలదీ పిల్లలదీ, ఎలక్ట్రిక్ ఎల్లోలో ఆడ మగ రెండింటిదీ. జాతి తెలియకుండా పసుపును చూసి ఆడ మగ చెప్పడమంటే ఊహించి చెప్పడమే.

చూడటానికి ముందు

మీ దగ్గర తెల్లని వెలుగునిచ్చే టార్చి, ఫోను, పారదర్శకంగా ఉండే చిన్న ప్లాస్టిక్ డబ్బా, ఒక స్కేలు, ఒక నోటుపుస్తకం ఉంటే చాలు. దుకాణాల్లో ఫ్లవర్‌హార్న్, ప్యారట్ చేపల ఎరుపును పెంచి చూపడానికి గులాబీ, ఊదా రంగు లైట్లు వాడతారు. ఆ వెలుగులో నారింజ చేప ఎర్రగా, బూడిద రంగు చేప నీలంగా కనిపిస్తాయి. దుకాణదారు అనుమతితో ఆ లైటును ఆపించి, టార్చి వెలుగును పక్క నుంచి వేసి చూడండి. సంచి విప్పి తొట్టెలో వదిలిన రోజు చేపలన్నీ వెలిసిపోయి ఉంటాయి కాబట్టి, నచ్చిన చేపలను చూసుకుని మూడు నాలుగు రోజుల తరువాత మళ్లీ వెళ్లడం మంచిది. మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు తొట్టె నీరు కూడా బాగా వేడెక్కి, నీటిలో ఆక్సిజన్ తగ్గి, చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తూ ఉంటాయి. అటువంటి సమయంలో వాటి రంగును గానీ, నడతను గానీ ఆధారంగా తీసుకోకూడదు. వేసవిలో ఈ పరిశీలన ఏదైనా తెల్లవారుజామునే చేయాలి.

తరువాత పొడవు చూడండి. మూతి నుంచి తోక చివరి వరకు 5 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉన్న మలావీ చేప (ఆఫ్రికాలోని మలావీ సరస్సుకు చెందిన సిక్లిడ్) విషయంలో ఆడ మగ ప్రశ్నను పక్కన పెట్టడమే తెలివైన పని. ఆ పరిమాణంలో జాతిని మాత్రం చాలా వరకు తేల్చవచ్చు.

రంగును పక్కన పెట్టి ఆకారాన్ని చూడటం

చేప పక్కకు తిరిగి నిలిచినప్పుడు ఫొటో తీసి, ఫోనులోనే దాన్ని నలుపు తెలుపుగా మార్చండి. రంగు కనుమరుగైతే మిగిలేది ఆకారం, చారల అమరిక. జాతిని పట్టించేవి ముఖ్యంగా ఆ రెండే. ఆ ఫొటోలో మూడు విషయాలు వెతకాలి. చారలు నిలువుగా ఉన్నాయా, తల నుంచి తోక వరకు అడ్డంగా సాగాయా అన్నది మొదటిది. నుదురు నుంచి మూతి వరకు గీత నిటారుగా దిగుతోందా, ఏటవాలుగా సాగి కోసుగా ముగుస్తోందా అన్నది రెండోది. వీపు మీది రెక్కలో పొడవునా నల్లని పట్టీ ఉందా, ఉంటే అది తెగకుండా సాగుతోందా అన్నది మూడోది. వీటికి తోడు తోకకు ముందు, పొట్ట కింద ఉండే రెక్కను కూడా గమనించండి. దీన్ని ఇకపై కింది రెక్క అంటాను. ఆ రెక్క మీద గుండ్రని పసుపు చుక్కలు ఉన్నాయో లేదో, ఉంటే ఎన్ని ఉన్నాయో రాసుకోండి. వాటి అవసరం తరువాత వస్తుంది.

సిక్లిడ్ కాని చేపను సిక్లిడ్ అని అమ్మడం అరుదు. సందేహం వస్తే ముక్కును చూడండి: చాలా చేపలకు ముఖానికి ఒక్కో వైపున రెండు నాసికా రంధ్రాలు ఉంటే, సిక్లిడ్లకు ఒక్కో వైపున ఒక్కటే ఉంటుంది.

పసుపు చేపల చిక్కు

మన దుకాణాల్లో పసుపుగా కనిపించే మలావీ చేపలు ప్రధానంగా నాలుగు. ఎలక్ట్రిక్ ఎల్లోగా పిలిచే లాబిడోక్రోమిస్ సెరూలియస్‌కు మూతి కొంచెం కోసుగా ఉంటుంది, ఒంటి మీద నిలువు చారలు ఉండవు, వీపు రెక్కలో నల్లని పట్టీ మొదటి నుంచి చివరి దాకా తెగకుండా సాగుతుంది. పెద్దవైన కొద్దీ పొట్ట కింది రెక్కల్లో నలుపు చేరుతుంది. చిండోంగో సౌలోసి ఆడచేప కూడా నిండు పసుపే, కొన్నిసార్లు నారింజకు దగ్గరగా ఉంటుంది; కానీ వీపు రెక్కలో ఆ నల్లని పట్టీ ఉండదు, తల గుండ్రంగా ఉంటుంది. మూడోది కెన్యీ మగచేప, అంటే మేలాండియా లొంబార్డోయి. దీని పసుపు మీద మసకగా గోధుమ రంగు నిలువు చారలు కనిపిస్తాయి, ఒళ్లు బరువుగా ఉంటుంది, తొట్టెలో మిగిలినవన్నీ దానికి దూరంగా ఒక మూలకు చేరి ఉంటాయి. నాలుగోది సూడోట్రోఫియస్ జొహాన్నీ ఆడచేప. ఇది పసుపు కన్నా నారింజ వైపు ఉంటుంది, శరీరం సన్నగా పొడుగ్గా ఉంటుంది.

ఈ నాలుగింటికీ అందనిది ఐదో రకం ఒకటి ఉంది, అది సంకరం. ఎలక్ట్రిక్ ఎల్లోనూ, రెడ్ జీబ్రాగా పిలిచే మేలాండియా ఎస్తెరేనూ ఒకే తొట్టెలో పెంచితే అవి తేలికగా కలుస్తాయి, వాటి పిల్లలు కూడా పిల్లలను పెడతాయి. మలావీ సరస్సులోని వందల జాతులు పరిణామ కాలమానంలో చాలా ఇటీవల విడిపోయినవి. సరస్సులో వాటిని వేరుగా ఉంచేది రాళ్ల గుట్టల మధ్య దూరం, తమ రంగు జోడీని ఎంచుకునే ఆడచేపల అలవాటు. గాజుతొట్టెలో ఆ దూరమూ లేదు, ఎంచుకోవడానికి సొంత జాతి మగచేప ఉంటుందన్న హామీ లేదు. ఈ సంకరాన్ని పట్టించే గుర్తులు ఇవి: పసుపులో నారింజ ఛాయ, వీపు రెక్కలో నల్ల పట్టీ మధ్యలో తెగడం లేదా పొగ పట్టినట్టు మసకగా ఉండటం, కోసు మూతికి బదులు మొద్దుగా నిటారుగా దిగే నుదురు, ఉద్రేకపడినప్పుడు ఒంటి మీద లీలగా తేలే నిలువు చారలు. వీటిలో ఒక్కటి కనిపిస్తే అనుమానించండి; రెండు కనిపిస్తే ఆ చేపకు ఎలక్ట్రిక్ ఎల్లో అన్న పేరు పెట్టకండి. ధర తక్కువకు దొరికే పసుపు చేపల్లో ఇవి తరచుగా ఉంటాయన్నది నా అభిప్రాయం.

ఇక వీటిలో ఆడ మగ. సౌలోసీలో పెద్దయిన మగచేప నీలంగా మారి నల్లని నిలువు చారలు తెచ్చుకుంటుంది, ఆడచేప పసుపుగానే ఉండిపోతుంది. కెన్యీలో దీనికి పూర్తిగా వ్యతిరేకం: పిల్లలు, ఆడచేపలు లేత నీలం మీద ముదురు చారలతో ఉంటాయి, మగచేప పసుపుగా మారుతుంది. ఎలక్ట్రిక్ ఎల్లోలో రంగు దారి చూపదు. మగచేప కొంత పెద్దది, దాని కింది రెక్కలు ఎక్కువ నల్లగా ఉంటాయి అన్న మాట నిజమే గానీ, పెత్తనం చేసే ఆడచేపకు కూడా నల్లని రెక్కలు ఉండవచ్చు. రెడ్ జీబ్రాలో సరస్సులోని మగచేపలు సాధారణంగా నీలం, ఆడచేపలు నారింజ. కానీ అక్వేరియం వ్యాపారంలో మగవి కూడా నారింజగానే ఉండే వంశమే ఎక్కువగా దొరుకుతుంది. ఎలక్ట్రిక్ ఎల్లో, రెడ్ జీబ్రా రెండింటికీ తరువాత చెప్పబోయే రంధ్ర పరీక్ష తప్పదు.

నీలం చేపలు

నీలం మీద నల్లని నిలువు చారలు కనిపిస్తే మొదట రెండు పేర్లు పరిశీలించాలి, డెమసోనీ, సౌలోసి మగ. చిండోంగో డెమసోని టాంజానియా తీరంలోని పొంబో రాళ్ల దగ్గరిది, 1994లో దానికి శాస్త్రీయ వర్ణన వచ్చింది. ఆడ, మగ, పిల్లలు అన్నీ మొదటి నుంచీ ముదురు నీలంగానే ఉంటాయి. కాబట్టి తొట్టెలోని మిగిలిన తోబుట్టువులను చూడండి. అన్నీ నీలంగా ఉంటే డెమసోనీ కావచ్చు. వాటి మధ్య పసుపు పిల్లలు, సగం మారిన మచ్చల పిల్లలు ఉంటే అది సౌలోసి గుంపు. ఒంటరిగా అమ్మకానికి పెట్టిన చేప విషయంలో ఈ ఆధారం దొరకదు, అందుకే ఒక్క చేపను కొనడం కన్నా ఒకే ఈతకు, అంటే ఒకే కాన్పుకు, చెందిన గుంపును కొనడం మేలని చెబుతాను. కెన్యీ ఆడచేప నీలం వీటికన్నా పాలిపోయినట్టుగా, ఊదా ఛాయతో ఉంటుంది.

చారలు నిలువుగా కాక తల నుంచి తోక వరకు సాగితే ఎంచుకోవలసింది మైంగానో, జొహాన్నీ మగ మధ్య. మైంగానోలో ఆడ మగ రెండూ, పిల్లలతో సహా, నీలం మీద లేత నీలం గీతలతో ఉంటాయి. జొహాన్నీలో పెద్ద మగచేప మాత్రమే అలా ఉంటుంది, ఆడవి నారింజ. ఇక్కడ కూడా తోబుట్టువులే సాక్ష్యం. మైంగానో గుంపు అని చెప్పి అమ్మే తొట్టెలో ఒక్క నారింజ పిల్ల కనిపించినా ఆ పేరును నమ్మకండి.

పాత పుస్తకాల్లో ఈ చేపల్లో చాలావాటిని సూడోట్రోఫియస్, మెలనోక్రోమిస్ అనే ప్రజాతుల కింద చూపేవారు. పేర్లు మారాయి గనుక, ఒకే చేప రెండు పేర్లతో కనిపిస్తే రెండు జాతులని పొరబడవద్దు.

పీకాక్ చేపలు: ఆడవాటికి పేరు పెట్టకండి

ఆలొనొకారా ప్రజాతికి చెందిన పీకాక్‌లను గుర్తించడం ప్రజాతి వరకైతే తేలిక. వీటి కింది దవడ మీద, చెంపల మీద పెద్ద గుంటలు వరుసగా ఉంటాయి. ఇసుకలో దాగిన పురుగుల కదలికను పసిగట్టడానికి అవి ఉపయోగపడతాయి. టార్చి వెలుగును కింది నుంచి ఏటవాలుగా వేస్తే ఆ గుంటలు స్పష్టంగా తెలుస్తాయి. మగచేపలు నీలం, పసుపు, ఎరుపు రంగుల్లో మెరిస్తే, ఆడచేపలు ఏ జాతివైనా బూడిద గోధుమ రంగులో నిలువు చారలతో ఉంటాయి. ఒక పీకాక్ జాతి ఆడచేపను మరో పీకాక్ జాతి ఆడచేప నుంచి కంటితో వేరు చేయడం అనుభవజ్ఞులకూ సాధ్యపడదు. అందువల్ల రెండు మూడు రకాల పీకాక్‌లు కలిసి పెరిగిన తొట్టె నుంచి ఆడచేపలను తెచ్చుకుంటే, వాటి పిల్లలు ఏమవుతాయో చెప్పలేం. ఓబీ పీకాక్, డ్రాగన్ బ్లడ్ వంటివి సరస్సులో ఉన్న జాతులు కావు, మనుషులు సంకరం చేసి తయారు చేసినవి. వాటిని వాటి అందం కోసం పెంచుకోవచ్చు గానీ జాతి పేరు వెతకడం వ్యర్థం.

పీకాక్‌ల విషయంలో మరో మోసం కూడా ఉంది. పిల్లలకు మగ హార్మోను కలిపిన మేత పెట్టి, చిన్న వయసులోనే రంగు తెప్పించి అమ్మడం ఈ వ్యాపారంలో ఎప్పటి నుంచో ఉన్నదే. సహజంగా పెరిగిన తొట్టెలో ఒకటి రెండు చేపలు మాత్రమే పూర్తి రంగులో ఉంటాయి, మిగిలిన మగవి సగం రంగుతో ఉంటాయి, ఆడవి బూడిద రంగులో ఉంటాయి. అలా కాక 5, 6 సెంటీమీటర్ల చేపలన్నీ, ఒక్కటి కూడా మినహాయింపు లేకుండా, పెద్ద చేపల రంగుతో మెరుస్తూ ఉంటే ఆ తొట్టెను వదిలేయండి. అటువంటి ఆడచేపల రంగు ఇంటికి తెచ్చాక కొన్ని వారాల్లో వెలిసిపోతుంది, వాటి సంతానశక్తి కూడా దెబ్బతిని ఉండవచ్చు.

గుడ్డు చుక్కలు, నడత

కింది రెక్క మీద రాసుకున్న పసుపు చుక్కల సంగతికి వద్దాం. మలావీ ఆడచేప గుడ్డు పెట్టిన వెంటనే దాన్ని నోట్లోకి తీసుకుంటుంది. మగచేప రెక్క మీది చుక్కలు కూడా గుడ్లలా కనిపించడంతో వాటిని అందుకోబోతుంది, ఆ క్షణంలో మగచేప వదిలిన వీర్యం నోట్లోని గుడ్లకు చేరుతుంది. చుక్కల పని ఇది గనుక మగచేపల్లో అవి పెద్దవిగా, అంచు స్పష్టంగా ఉంటాయి. కానీ చుక్క ఉంటే మగ, లేకపోతే ఆడ అని దుకాణాల్లో వినిపించే సూత్రం సరికాదు. చాలా జాతుల్లో ఆడచేపలకూ ఒకటి రెండు చుక్కలు ఉంటాయి. చుక్కల సంఖ్య అనుమానాన్ని బలపరచడానికి పనికి వస్తుందే తప్ప తీర్పు చెప్పడానికి కాదు.

నడత ఇంకొంచెం నమ్మదగినది. ఒక రాయినో, మట్టి కుండ పెంకునో సొంతం చేసుకుని, ఇసుకను తవ్వి గుంట చేసి, దగ్గరకు వచ్చిన చేప ముందు ఒళ్లంతా వణికించేది మగచేప. గొంతు కింద సంచిలా ఉబ్బి, మేత వేసినా నోరు తెరవక, ఏదో నములుతున్నట్టు దవడ కదుపుతూ ఉండే చేప ఆడది. నోట్లో గుడ్లు మోస్తోంది. మలావీ చేపల్లో ఇంతకన్నా కచ్చితమైన రుజువు లేదు. సుమారు మూడు వారాల పాటు అది అలాగే ఉంటుంది, కాబట్టి జబ్బు అనుకుని మందులు వేయకండి.

మోసపోయే అవకాశం మౌనంగా ఉండే చేపల దగ్గర ఉంది. పెత్తనం చేసే మగచేప ఉన్న తొట్టెలో మిగిలిన మగచేపలు దెబ్బలు తప్పించుకోవడానికి ఆడచేపల రంగులోనే ఉండిపోతాయి. బూడిద రంగులో ఉన్నవన్నీ ఆడవే అనుకుని పెద్ద మగచేపను తీసేస్తే, కొద్ది రోజుల్లోనే ఆ ‘ఆడచేపల్లో’ ఒకటి నీలంగా మారుతుంది. సందేహమున్న చేపను వేరే చిన్న తొట్టెలో, దాగడానికి ఒక రాతి గూడు ఇచ్చి, రెండు వారాలు ఒంటరిగా ఉంచి చూడండి. మగదైతే చాలాసార్లు ఈలోపు రంగు తెచ్చుకుంటుంది. అయితే మగచేపే లేని గుంపులో పెత్తనం చేసే ఆడచేప కూడా కొంత మగరంగు తెచ్చుకోవచ్చు గనుక, రంగు వచ్చినంత మాత్రాన పరీక్ష ముగిసిందని భావించవద్దు.

రంధ్ర పరీక్ష: ముందు మార్కెట్ చేపతో సాధన

చివరిగా మిగిలేది, చేప నోట్లో గుడ్లు మోయని రోజుల్లో అన్నిటికన్నా నమ్మదగినది, పొట్ట కింది రంధ్రాలను చూడటం. దీన్ని ఖరీదైన చేప మీద మొదలుపెట్టనవసరం లేదు. చేపల మార్కెట్లో జిలేబీ పేరుతో అమ్మే తిలాపియా కూడా సిక్లిడ్ కుటుంబానిదే. మొజాంబిక్ తిలాపియాను 1952లో శ్రీలంక నుంచి మన దేశానికి తెచ్చారు, ఇప్పుడు అది జలాశయాల్లోనూ చెరువుల్లోనూ స్థిరపడిపోయింది. వేర్వేరు సైజుల్లో నాలుగైదు తిలాపియాలు కొని, కూరకు కోయడానికి ముందు వెల్లకిలా పెట్టి వెలుతురులో చూడండి. మగచేపకు మలద్వారం ఒకటి, దాని వెనక కోసుగా ఉన్న చిన్న బొడిపె చివర మూత్రానికీ వీర్యానికీ కలిపి మరొకటి, మొత్తం రెండు రంధ్రాలు ఉంటాయి. ఆడచేపకు బొడిపె మొద్దుగా ఉండి, దాని మధ్యలో అడ్డంగా చీలిక, చివర మూత్ర రంధ్రం, వీటికి ముందు మలద్వారం, మొత్తం మూడు కనిపిస్తాయి. చీలిక కనిపించకపోతే ఒక చుక్క సిరా గానీ మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు మందు గానీ రాసి తుడవండి, గీత తేలుతుంది. పెంపకం చెరువుల నుంచి వచ్చే తిలాపియా కావాలని అన్నీ మగవిగా పెంచిన సరుకు కావచ్చు. అన్నీ ఒకే సైజులో ఉన్న బుట్టను వదిలి, జలాశయం నుంచి వచ్చిన చిన్నా పెద్దా కలిసిన బుట్టను ఎంచుకుంటే రెండు రకాలూ దొరుకుతాయి. అదే బుట్టలో జాతి భేదం కూడా నేర్చుకోవచ్చు: తోక రెక్క మీద సన్నని నిలువు గీతలు వరుసగా ఉంటే అది నైలు తిలాపియా వైపు, గీతలు లేకుండా ఉంటే మొజాంబిక్ వైపు చూపుతుంది. ఈ రెండూ కలిసిన సంకరాలూ ఉంటాయి.

కన్ను అలవాటు పడ్డాక అక్వేరియం చేప దగ్గరకు రండి. ముందు రోజు మేత ఆపండి. తొట్టె నీటితోనే సగం నింపిన పారదర్శక డబ్బాలోకి చేపను వలతో మార్చి, డబ్బాను పైకెత్తి కింది నుంచి ఫోనుతో దగ్గరి ఫొటోలు తీయండి. సగం సందర్భాల్లో చేపను చేత్తో పట్టే అవసరమే రాదు. ఫొటో స్పష్టంగా రాకపోతే, చేతులు తడిపి, తడి వలలోనే చేపను వెల్లకిలా తిప్పి, తల భాగం తడి గుడ్డతో కప్పి, అర నిమిషం లోపల చూసి వదిలేయండి. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పొర పోతుంది, ఆ తరువాత బూజు పడుతుంది.

మలావీ చేపల్లో చూడవలసింది రెండు రంధ్రాల పోలిక. తల వైపు ఉన్నది మలద్వారం, తోక వైపు ఉన్నది జననరంధ్రం. రెండూ దాదాపు ఒకే పరిమాణంలో ఉంటే మగ. వెనకది ముందుదాని కన్నా స్పష్టంగా పెద్దదై, వెడల్పుగా ఉంటే ఆడ. ఇటీవల గుడ్లు పెట్టినదైతే అది కొంత ఉబ్బి ఎర్రగా కూడా ఉంటుంది. ఒక్క చేపను విడిగా చూస్తే ‘పెద్దది’ అంటే ఎంతో తెలియదు. ఒకే జాతి, ఒకే సైజు చేపలు నాలుగైదింటి ఫొటోలను ఫోనులో పక్కపక్కన పెట్టి పోల్చినప్పుడు తేడా కళ్లకు కడుతుంది.

అమెరికా ఖండపు సిక్లిడ్లు

వీటిలో కొన్ని పని తేలిక చేస్తాయి. కాన్విక్ట్ చేపలో పొట్ట పక్కన నారింజ లేదా గులాబీ పొలుసులు ఉన్నది ఆడచేప, తెల్ల రకంలో కూడా అంతే. రంగు ఎక్కువ ఉన్నది మగ అనుకునేవారు ఇక్కడే తప్పుతారు. జాక్ డెంప్సీలో కింది దవడ, మొప్ప కప్పు మీద నీలం మెరుపు పరుచుకుని ఉంటే ఆడ అయ్యే అవకాశం ఎక్కువ. సెవెరమ్‌లో ముఖం మీద పురుగు పాకినట్టు వంకర గీతలున్నది మగ, ముఖం సాదాగా ఉన్నది ఆడ. బ్లూ ర్యామ్ ఆడచేపకు పొట్ట గులాబీగా ఉంటుంది, ఒంటి పక్కన ఉన్న నల్ల మచ్చలో నీలి చుక్కలు మెరుస్తాయి. మగచేపలో ఆ మచ్చ నల్లగానే ఉండి, వీపు రెక్క ముందు ముళ్లు పొడవుగా సాగుతాయి. ఎలక్ట్రిక్ బ్లూ ర్యామ్ వంటి ఎంపిక చేసిన వంశాల్లో ఒళ్లంతా నీలమే కావడంతో ఈ మచ్చ గుర్తు పనిచేయదు. బొలీవియన్ ర్యామ్‌ను దీనితో కలిపి అమ్ముతుంటారు. అది గోధుమ ఛాయలో, కాస్త పెద్దగా, నీలి మెరుపులు లేకుండా ఉంటుంది. మన బోరు నీరు చాలాచోట్ల ఉప్పదనం, కాఠిన్యం ఎక్కువగా ఉన్నది కావడంతో మలావీ చేపలకు సరిపోతుంది గానీ బ్లూ ర్యామ్‌కు సరిపడదు. ఆ నీటిలో వెలిసిపోయిన మగచేపను ఆడదని పొరబడే అవకాశం ఉంది.

ఆస్కార్, ఏంజెల్, డిస్కస్ చేపల్లో మామూలు రోజుల్లో తేడా కనిపించదు. గుడ్లు పెట్టడానికి ఒకటి రెండు రోజుల ముందు పొట్ట కింద గొట్టం బయటకు వస్తుంది: సన్నగా కోసుగా ఉంటే మగ, లావుగా మొద్దుగా ఉంటే ఆడ. రెండు ఆడ ఏంజెల్ చేపలు జత కట్టి, ఆకును శుభ్రం చేసి, గుడ్లు కూడా పెడతాయి; గుడ్లన్నీ రెండు మూడు రోజుల్లో తెల్లబడిపోతే, వరుసగా రెండు మూడు ఈతలు అలాగే జరిగితే, రెండింటి గొట్టాలను మళ్లీ చూడండి.

ఫ్లవర్‌హార్న్, ప్యారట్ రెండూ సంకరాలే కాబట్టి వాటికి జాతి ప్రశ్న వర్తించదు. ఫ్లవర్‌హార్న్ నుదుటి బొడిపెను బట్టి మగ అని ధర పెంచుతారు గానీ, బొడిపె ఉన్న ఆడచేపలూ, లేని మగచేపలూ ఉన్నాయి. వీపు రెక్క మీద నల్ల మచ్చ ఉంటే ఆడ అన్న గుర్తు కూడా అన్ని వంశాలకూ వర్తించదు. రంధ్రం చూపించనిదే ‘మగది’ అన్న ధర చెల్లించకండి. ప్యారట్ మగచేపలు ఎక్కువగా సంతానం లేనివే గనుక, ప్యారట్ జత కోసం అదనంగా ఇవ్వడంలో అర్థం లేదు.

తేల్చలేనప్పుడు

ఎంత చూసినా కొన్ని చేపలు ఎటూ తేలవు. అటువంటప్పుడు నోటుపుస్తకంలో తేదీ, పొడవు, చారల దిశ, చుక్కల సంఖ్య, రంధ్రాల ఫొటో రాసి పెట్టుకుని, రెండు నెలల తరువాత అదే చేపను మళ్లీ అదే క్రమంలో పరిశీలించండి. జాతి తేలని చేపను జాతి తేలిన చేపలతో ఒకే తొట్టెలో పెంచవద్దు. పెంచితే పుట్టిన పిల్లలను జాతి పేరుతో అమ్మడం గానీ, ఇతరులకు ఇవ్వడం గానీ చేయవద్దు, అవసరమైతే ‘సంకరం’ అని చెప్పే ఇవ్వండి. అక్కర లేదని తుంగభద్రలోనో, కె.సి. కాలువలోనో, ఊరి చెరువులోనో వదలడం మరీ పొరపాటు, తిలాపియా ఇక్కడ ఎలా పాతుకుపోయిందో చూస్తూనే ఉన్నాం.

బయటి ఊళ్ల నుంచి ఫోను మీద తెప్పించుకునేటప్పుడు జత అడగకండి. ఒకే తల్లిదండ్రులకు పుట్టిన ఆరు నుంచి ఎనిమిది పిల్లలను అడగండి, తల్లిదండ్రుల వీడియోను తెల్ల వెలుగులో తీసి పంపమనండి, ఆ వీడియోలో ఆడచేప కూడా కనిపించాలని ముందే చెప్పండి. ఆడచేపను చూపించలేని అమ్మకందారు చెప్పే పీకాక్ పేరును నోటుపుస్తకంలో ప్రశ్నార్థకంతోనే రాసుకోండి. ఆ పిల్లలు 7 సెంటీమీటర్లు దాటాక రంధ్రాలు చూసి, ఒక మగచేపకు మూడు నాలుగు ఆడచేపల చొప్పున ఉంచుకుని, మిగిలిన మగచేపలను వేరు చేయండి. డెమసోనీ మాత్రం ఈ లెక్కకు లొంగదు: తక్కువ చేపలుంటే బలహీనమైనదాన్ని చంపేదాకా తరుముతాయి గనుక, వాటిని డజనుకు పైగా కలిపే పెంచాలి, వేరు చేయడం కూడా ఒక్కొక్కటిగా కాక గుంపు స్థిరపడిన తరువాతే చేయాలి.